పెన్సిల్‌తో కొట్టేసిన పేరా

ఇది పొద్దున పూట రాస్తున్నాను. మధ్యాహ్నం దాటితే నా కుడిచేయి మొండికేస్తుంది. కాబట్టి కోపం తీర్చుకోవాలంటే మధ్యాహ్న భోజనం లోపే తీర్చుకోవాలి. కోపం బోలెడంత ఉంది. జబ్బు తగ్గుముఖం పట్టాక అందరినీ క్షమించేసి, శాంతంగా రాయాలని పెద్దమనుషులు చెబుతారు. నేనింకా ఎవరినీ క్షమించలేదు, నన్ను కూడా. అయినా రాస్తున్నాను. ఎందుకంటే సాయంత్రమయ్యేసరికి రెప్పలు వాలిపోయి, మాట ముద్దయిపోయి, "నీకేం రోగం, బాగానే ఉన్నావుగా" అనిపించుకుంటున్న మనిషి ఎక్కడో ఒకరుంటారు. ఇది వాళ్ళ చేతికి చేరాలి.

నేను చిక్కడపల్లిలో పుట్టి పెరిగాను. నాన్న గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఎమ్మెస్సీ జువాలజీ చదివి, పదకొండేళ్ళుగా అశోక్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో పోటీ పరీక్షలవాళ్ళకు బయాలజీ చెబుతున్నాను. అక్కడ కాలం క్యాలెండర్ ప్రకారం నడవదు. నోటిఫికేషన్, హాల్ టికెట్, పరీక్ష, కీ, అంతే. నా జబ్బు కూడా నాకు ఆ లెక్కలోనే గుర్తుంది, అలాగే చెబుతాను.

నోటిఫికేషన్ పడిన వారం

ఆ వారం అశోక్ నగర్ సందుల్లో కాలు పెట్టే చోటు లేదు. హాస్టళ్ళ ముందు బ్యాగులు, టీ కొట్ల దగ్గర గుంపులు, జిరాక్స్ షాపుల ముందు క్యూలు. నాకు రోజుకు మూడు బ్యాచ్‌లు. మొదటి పాఠం ఎప్పుడూ కణమే.

నా పాఠం ఎలా ఉంటుందో చెప్పాలి. కణశక్త్యాగారాలు ఏవి? మైటోకాండ్రియా. స్వయం విచ్ఛిత్తి సంచులు? లైసోజోములు. ప్రోటీన్లు తయారయ్యేది? రైబోజోముల్లో. కణత్వచం? కావలసినదాన్నే లోపలికి రానిచ్చే పొర. దేనికైనా ఒకే వాక్యం, నాలుగు ఆప్షన్లు, ఒక జవాబు. కోట్ల కణాలు క్షణం తీరిక లేకుండా చేసే పనంతా నేను నాలుగు రోజుల్లో ముగించేస్తాను. అందుకే నాకు మంచి పేరు.

పాఠానికి ముందు పెన్సిల్ తీయించడం మా దగ్గర ఆచారం. మెటీరియల్లో ఏ పేరా నుంచి ఇంతవరకు బిట్ రాలేదో దాన్ని ముందే కొట్టేయిస్తాం. పెన్నుతో కొట్టేస్తే పుస్తకం మళ్ళీ అమ్ముడుపోదు కాబట్టి పెన్సిల్. "పేజీ ఇరవై మూడు, కింద నుంచి రెండో పేరా, కొట్టేయండి" అంటాను. గదిలో అందరూ ఒక్కసారి గీత గీస్తారు. చదవాల్సింది ఆ మేరకు తగ్గిందని వాళ్ళకు సంతోషం, వాళ్ళ కష్టం తగ్గించానని నాకు సంతోషం. ఆ మెటీరియల్ రాసింది కూడా నేనే, చేరిన కొత్తలో, నా ఎమ్మెస్సీ నోట్సు ముందేసుకుని, మహా ఉత్సాహంగా. ఆ పేరాలో ఏం రాశానో నాకే గుర్తులేదు. పేజీ నంబరు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఆ వారం మూడో బ్యాచ్‌లో బోర్డు పైన 'కేంద్రకం' అని రాయబోతే మొదటి అక్షరం దగ్గరే చేయి ఆగి, కిందికి జారింది. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. ఎత్తమంటే ఎత్తనంది. క్లాసు చివరికి వచ్చేసరికి గొంతు ముక్కులోంచి రావడం మొదలైంది. తర్వాతి వారం మంచినీళ్ళు తాగుతుంటే ముక్కులోంచి బయటికొచ్చాయి. సాయంత్రాలు ఎడమ కంటి రెప్ప దానంతటదే దిగిపోయేది.

నేనేం చేశాను? బిట్ కొట్టినట్టే కొట్టాను. ఒంట్లో శక్తి లేదు, శక్తి అంటే మైటోకాండ్రియా, దానికి ఆక్సిజన్ కావాలి, ఆక్సిజన్ మోసేది రక్తం, కాబట్టి రక్తం తక్కువ. ఐరన్ మాత్రలు, ఖర్జూరాలు తెచ్చుకున్నాను. పదకొండేళ్ళు బయాలజీ చెప్పిన మనిషి తెలివి అది.

మా డైరెక్టర్‌గారు ఆఫీసు గదికి పిలిచారు. విద్యార్థులు రాసిన ఫీడ్‌బ్యాక్ చీటీలు ముందు పెట్టుకుని, "మేడం, రాత్రి జర మంచిగ పండుకోండి. నిద్ర మొఖంతోని చెప్తున్నరని పిల్లలు రాసిండ్రు. రికార్డింగ్‌ల గూడ మంచిగ కనిపిస్తలేరు" అన్నారు. మా క్లాసులన్నీ వీడియో తీసి యాప్‌లో పెడతారు. సరేనని వచ్చేశాను. ఆ రాత్రి తొమ్మిది గంటలు పడుకున్నాను. పొద్దున బంగారంలా లేచాను. సాయంత్రానికి మళ్ళీ రెప్ప దిగింది.

అప్లికేషన్ గడువు పొడిగించిన రోజులు

నారాయణగూడలో ఒకరి తర్వాత ఒకరు ఇద్దరు డాక్టర్ల దగ్గరికి వెళ్ళాం. నేనూ మా ఆయనా. మా ఆయన బషీర్‌బాగ్‌లో ఒక ప్రైవేటు ఆఫీసులో పనిచేస్తారు, పదింటికల్లా అక్కడ ఉండాలి కాబట్టి ఎప్పుడూ పొద్దుటి అపాయింట్‌మెంటే తీసుకునేవారు. వెయిటింగ్ హాల్లో రెండు గంటలు కూర్చోబెట్టేవాళ్ళు. ఫ్యాను కింద కదలకుండా, మాట్లాడకుండా రెండు గంటలు. లోపలికి వెళ్ళేసరికి నా కళ్ళు విచ్చుకుని, గొంతు గంటలా మోగేది. డాక్టరు చేతులు ఎత్తమంటే ఎత్తేదాన్ని, పిడికిలి బిగించమంటే బిగించేదాన్ని. ఆ రెండు గంటల విశ్రాంతే నా జబ్బుని దాచేస్తోందని అప్పుడు ఎవరికి తెలుసు?

మొదటాయన బీ-ట్వెల్వ్ రాశాడు. రెండో ఆయన పేరున్నవాడు. నేను చెప్పడం మొదలుపెట్టగానే చేత్తో ఆగమని, మా ఆయన వైపు తిరిగాడు. ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా, పిల్లలెందరు, నిద్ర పడుతుందా, అన్నీ ఆయన్నే అడిగాడు. నేను పక్కనే కూర్చుని ఉన్నాను, కుర్చీలో పెట్టిన సంచిలాగా. చివరికి ఆంగ్జయిటీ అని తేల్చి, రాత్రిపూట వేసుకోవడానికి ఒక మాత్ర రాశాడు. "అంతా మనసులోనే ఉందమ్మా. కాస్త నవ్వుతూ ఉండండి" అన్నాడు.

నవ్వుతూ ఉండాలట! నాకు రానిదే అది. నవ్వుదామంటే పెదవుల కొసలు పైకి లేచేవి కావు, పై పెదవి ఒక్కటీ లేచి పళ్ళు కనబడేవి. అద్దంలో చూసుకుంటే ఎవరినో కసురుకుంటున్నట్టుండేది. ఆ నెలలోనే గాంధీనగర్‌లో మా వదినగారి, అంటే మా ఆయన అక్కగారి, కూతురికి ఓణీల ఫంక్షన్ అయింది. సాయంత్రం ఫంక్షన్. ఫోటోల్లో అందరి మధ్యా నేను ఆ మొహంతో నిలబడి ఉన్నాను. వదినగారు మర్నాడు ఫోన్ చేసి మా ఆయనకు ముప్పావుగంట క్లాసు తీసుకున్నారు. తన కూతురి శుభకార్యంలో నేను ముఖం మాడ్చుకుని నిలబడ్డానని, భోజనం కూడా ముట్టలేదని, ఉద్యోగం చేస్తున్నానని తలకెక్కిందని. భోజనం ముట్టకపోవడం నిజమే. నాలుగు ముద్దలు నమిలేసరికి దవడ ఆగిపోయింది. విస్తరి ముందు దవడని చేత్తో పట్టుకుని కూర్చుంటే ఎవరైనా చూస్తారని సిగ్గేసి లేచిపోయాను.

మా ఆయన ఫోన్ పెట్టేసి, "ఒక్కరోజు నవ్వితే నీ సొమ్మేం పోయింది?" అన్నారు. ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిడదామనుకున్నాను. మాట ముద్దగా, ముక్కులోంచి, ఏడుపులా వచ్చింది. కోప్పడటానికి కూడా కండరాలు కావాలని ఆరోజే తెలిసింది.

ఆ రాత్రి మాత్ర వేసుకుంటే మర్నాడు పొద్దున కూడా రెప్పలు లేవలేదు. ఈ జబ్బున్నవాళ్ళు అలాంటి మాత్రలు వేసుకోకూడదట, ఉన్న కాస్త సత్తువనీ అణిచేస్తాయట. ఇది తర్వాత తెలిసింది. పన్నెండు రోజులు వేసుకున్నాను. నవ్వుతూ ఉండమన్నాయన ఏనాడూ ఆ పన్నెండు రోజుల సంగతి అడగలేదు.

ఆ రోజుల్లో నాకు మంచి చేసిన మనిషి ఒకాయన ఉన్నాడు. మా ఇంటి దగ్గర చిక్కడపల్లి మెయిన్ రోడ్డు పక్కన టిఫిన్ బండాయన. నేను ఇడ్లీ సగం వదిలేస్తుండటం రెండు రోజులు చూశాడు. మూడో రోజు ఏమీ అడక్కుండా ఇడ్లీని సాంబారులో బాగా నానబెట్టి, మెదిపి, చెంచా వేసి ఇచ్చాడు. పక్కవాళ్ళు చూడకుండా నా ప్లేటు బండి అవతలి వైపు పెట్టేవాడు. చదువుకున్నవాళ్ళకు కనబడనిది ఆయనకు కనబడింది. ఈరోజుకీ ఆయన పేరు నాకు తెలియదు, అన్నా అనే పిలుస్తాను.

హాల్ టికెట్లు వచ్చిన వారం

ఆ సోమవారం నా మూడో బ్యాచ్ తీసేశారు. బుధవారం మిగతా రెండూ తీసేసి, వేరే ఆయన్ను పెట్టారు. డైరెక్టర్‌గారు తిట్టలేదు, మర్యాదగానే చెప్పారు. "పరీక్షల ముంగట రిస్కు తీసుకోలేను మేడం. మీరు జర ఇంట్ల రెస్టు తీసుకోండి, మల్ల చూద్దాం." మళ్ళీ చూద్దాం అంటే ఏమిటో మా సెంటర్లో అందరికీ తెలుసు. నాకున్నది ఆ నల్లబోర్డు ముందు నిలబడే చోటొక్కటే. గొంతు పోతే నేనెవరిని? ఇంట్లో ముఖం మాడ్చుకున్న కోడల్ని, క్లినిక్‌లో మనసు బాగాలేని ఆడదాన్ని. పాఠం చెబుతున్నప్పుడే నేను నేను. అది పోతోంది, ఎందుకు పోతోందో చెప్పే దిక్కు లేదు.

గురువారం నా సామాను తెచ్చుకోవడానికి వెళ్ళాను. మెట్ల మీద మంజుల నిలబడి ఉంది. మంజులకు ముప్పై దాటాయి. మహబూబ్‌నగర్ వైపు మనిషి. భర్త తాపీ మేస్త్రి, గాంధీనగర్ వెనక బస్తీలో ఒక గదిలో ఉంటారు. పెళ్ళయ్యాక ఆరేళ్ళు భర్తతోపాటు ఇటుకలు మోసి, డిగ్రీ దూరవిద్యలో పూర్తి చేసింది. ఇది ఆమెకు మూడో ప్రయత్నం. ముందు బెంచీలో కూర్చుని ఒక్క మాట మాట్లాడకుండా రాసుకునేది.

ఆమె మెటీరియల్ తెరిచి నా చేతికిచ్చింది. పేజీ ఇరవై మూడు.

"మేడం, గీ పేరా మీరు కొట్టేయమన్నరు. నేను కొట్టలే. ఏది అక్కరొస్తదో నాకేమెరుక, అందుకని అంత చదువుత. జర సదువుండ్రి. ఇండ్ల రాసింది మీకే అయితున్నట్టున్నది."

నేను రాసిన వాక్యాలే. నాడీ కణం పంపే రసాయన సంకేతాన్ని కండర కణత్వచం మీద ఉన్న గ్రాహకాలు అందుకుంటాయి. అరుదుగా కొందరిలో శరీరమే పొరబడి ఈ గ్రాహకాలను దెబ్బతీస్తుంది. అప్పుడు కండరాలు వాడేకొద్దీ అలసి, విశ్రాంతితో తేరుకుంటాయి. మొదట కనురెప్పలు వాలతాయి, తర్వాత మాట, నమలడం, మింగడం కష్టమవుతాయి.

మెట్ల మీదే కూర్చుండిపోయాను. పదకొండేళ్ళు, బ్యాచ్ తర్వాత బ్యాచ్, వేలమంది చేత నా చేతులారా నేనే కొట్టేయించిన పేరా అది. రెండు నెలలుగా ఖర్జూరాలు తింటూ, ఆంగ్జయిటీ మాత్రలు మింగుతూ తిరిగాను. జవాబు నా అక్షరాల్లో నా పుస్తకంలోనే ఉంది. ఆ పేజీకి వచ్చినప్పుడల్లా నా కళ్ళు దాన్ని దాటేసి కిందికి వెళ్ళిపోవడం అలవాటు చేసుకున్నాయి.

పేరా పక్కన మార్జిన్‌లో మంజుల పెన్సిల్‌తో ఏవో అంకెలు వేసుకుంది. అవేమిటని అడిగాను. వంట చేసుకుంటూ ఫోన్‌లో నా రికార్డింగులు మళ్ళీ మళ్ళీ పెట్టుకుంటుందట. ప్రతి క్లాసులో నలభై నిమిషాలకు అటూ ఇటూగా నా ఎడమ రెప్ప దిగుతోందట, టీ బ్రేక్ అయ్యాక మళ్ళీ లేస్తోందట. ఏ క్లాసులో ఎన్నో నిమిషంలో దిగిందో రాసిపెట్టింది. "నిద్రొస్తే బ్రేక్ అయినంక గూడ వస్తది గద మేడం" అంది. ఇద్దరు డాక్టర్లకూ తట్టని ప్రశ్న అది.

పరీక్ష రోజు

మంజుల పరీక్ష రాస్తున్న ఆదివారానికి నేను ఆసుపత్రి మంచం మీద ఉన్నాను.

అంతకు మూడు రోజుల ముందు ఒక నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఈసారి సాయంత్రం అపాయింట్‌మెంటే కావాలని నేను పట్టుబట్టాను. మా ఆయన ఆఫీసు, పర్మిషన్ అని నసిగారు. మీరు రాకపోయినా నేను ఆటోలో వెళతానన్నాను. వచ్చారు. ఆ డాక్టరమ్మ నాకంటే చిన్నది. కూర్చోగానే నన్నే అడిగింది, "ఏ టైములో ఎక్కువగా ఉంటుందండీ?" అని. అంతకు ముందు అందరూ ఏమిటి, ఎక్కడ అని అడిగారు గానీ ఎప్పుడు అని ఒక్కరూ అడగలేదు. నా మొహం మీద ఏ భావమూ కదల్లేదు, కళ్ళలోంచి నీళ్ళు మాత్రం కారిపోయాయి.

రికార్డింగ్ చూపించాను. మంజుల రాసిన నిమిషాల దగ్గర ఆపి ఆపి చూసింది. తర్వాత నన్ను పైకప్పు వైపు చూస్తూ ఉండమంది. నిమిషం గడిచేలోపే రెండు రెప్పలూ దిగిపోయాయి. చేతి తొడుగులో మంచుముక్కలు వేసి నా ఎడమ కంటి మీద పెట్టి, రెండు నిమిషాలు పట్టుకుంది. తీసేసరికి ఆ కన్ను పూర్తిగా తెరుచుకుంది. కుడి కన్ను మూసుకునే ఉంది. చల్లదనానికి ఆ కాసేపు సంకేతం అందుతుందట. ఎదురుగా మా ఆయన మొహం ఒంటికంటికి స్పష్టంగా కనబడింది. తెల్లగా పాలిపోయి ఉంది.

జబ్బు పేరు మయస్థీనియా గ్రావిస్. డాక్టరమ్మ మైటోకాండ్రియా గురించి నేను అడక్కుండానే చెప్పింది. కండరంలో శక్తికేం లోటు లేదట. నాడి కబురు పంపుతోంది, కండర కణం ముంగిట దాన్ని అందుకోవాల్సిన గ్రాహకాల మీద నా ఒంటి రక్షణవ్యవస్థే అడ్డం కూర్చుంది. మింగడం అప్పటికే బాగా దెబ్బతింది, ఊపిరి కూడా తగ్గుతోందని ఆ పూటే చేర్చుకుంది. 

రెండో రోజు మా ఆయన మంచం పక్కన కూర్చుని, "నాకు తెలియలేదే" అన్నారు. నాకు అప్పుడు మాట రావడమే కష్టం, ఒక్కో పదానికి ఆగాల్సి వచ్చింది. అయినా ఆ మాట అనకుండా ఉండలేకపోయాను.

"తెలియకపోవడం తప్పు కాదు. నేను చెప్పింది వినకపోవడం తప్పు."

ఆయన స్టీలు గిన్నెలో అన్నం మెత్తగా మెదిపి, చారు పోసి, చెంచాతో నోట్లో పెట్టారు. మింగేదాకా ఆగి ఇంకోటి పెట్టారు. ఆ గిన్నె ఖాళీ అవడానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో ఫోన్ రెండుసార్లు మోగింది, వదినగారిది. ఆయన ఎత్తలేదు. అదొక్కటీ ఆయన ఖాతాలో వేస్తున్నాను, మిగతా సంగతి తర్వాత చూస్తాను.

కీ వచ్చాక

ఇప్పుడు పూటకింత అని మాత్రలున్నాయి. వేసుకున్న అరగంటకు గొంతు వస్తుంది, మూడు నాలుగు గంటలుంటుంది, పోతుంది. నా రోజు దాని చుట్టూ కట్టుకున్నాను. జబ్బు పోలేదు. పోతుందని ఎవరూ చెప్పలేదు.

కీ చూసుకున్నాక తనకు గట్టెక్కే మార్కులు వచ్చేలా లేవని మంజుల ఫోన్ చేసి చెప్పింది. పరీక్ష ముందు నా వీడియోల్లో నిమిషాలు లెక్కపెడుతూ చదువు పాడుచేసుకున్నావని నేను కోప్పడితే, "గట్లేం లేదు మేడం, రీజనింగ్ గట్టిగ ఇచ్చిండు" అంది. మళ్ళీ చేరతానంది. నేనూ చేరతానన్నాను.

డైరెక్టర్‌గారి దగ్గరికి డాక్టరమ్మ ఇచ్చిన కాగితాలతో వెళ్ళాను. చదివి, నిజంగానే నొచ్చుకున్నారు. పొద్దుటి బ్యాచ్ ఒక్కటే, అరగంటకోసారి పది నిమిషాల బ్రేక్, కూర్చుని చెప్పడం, అన్నిటికీ ఒప్పుకున్నారు. తర్వాత మెల్లగా, ఆ పాత వీడియోలు యాప్‌లోంచి తీసేద్దామని, చూసేవాళ్ళకు బాగుండదని అన్నారు. తీసేస్తే నన్నూ తీసేయండి అన్నాను. నేను చూపించిన క్లాసు వీడియోని డాక్టరమ్మ తన దగ్గర నేర్చుకునే డాక్టర్లకు చూపిస్తానని అడిగి తీసుకుంది. డాక్టర్లు చూడాల్సిన మొహాన్ని మా పిల్లలు చూస్తే వచ్చే నష్టమేమిటి?  వీడియోలు అలాగే ఉన్నాయి.

కొత్త బ్యాచ్ మొదటి రోజు, కణం పాఠం. సగంమంది దగ్గర ఫుట్‌పాత్ మీద కొన్న సెకండ్ హ్యాండ్ మెటీరియలే. పేజీ ఇరవై మూడు తీయమన్నాను. అలవాటు తెలిసినవాళ్ళు అప్పుడే పెన్సిల్ పట్టుకున్నారు. పాత పుస్తకాల్లో నేను గీయించిన గీతలు అప్పటికే ఉన్నాయి.

"కింద నుంచి రెండో పేరా. గీత ఉన్నవాళ్ళు రబ్బరు తీసి చెరిపేయండి. లేనివాళ్ళు గీయకండి. ఈరోజు అరగంట దీని గురించే చెబుతాను."

ఎవరూ కదల్లేదు. వెనక బెంచీలోంచి ఒకతను లేచి, "మేడం, దీంట్లకెల్లి బిట్ వస్తదా?" అన్నాడు. తప్పు అతనిది కాదు, ఆ ప్రశ్న నేర్పింది నేనే.

"రాదు," అన్నాను. "చెరపండి."

గదంతా రబ్బర్లు ఆడటం మొదలైంది. పక్కవాళ్ళ దగ్గర అడిగి తీసుకుంటున్నారు, కాగితం చిరగకుండా మెల్లగా రుద్దుతున్నారు, పొట్టు ఊదేస్తున్నారు. ముందు బెంచీలో మంజుల ఒక్కతే పుస్తకం తెరుచుకుని, చేతులు కట్టుకుని కూర్చుంది. ఆమె పేజీలో చెరపాల్సిన గీత లేదు.